పొయ్యి దగ్గర నిలబడేదెవరు? ఓ పాపోవర్ పురాణం

అమెరికాలో ఏ తెలుగువాళ్ళింటికైనా వెళ్ళినప్పుడు, వాళ్ళు చూడకుండా ఒక్కసారి ఓవెన్ తలుపు తీసి చూడండి. రెండు మూకుళ్ళు, ఒక దోసెల పెనం, ఇండియా నుంచి సూట్‌కేసులో మోసుకొచ్చిన పాత కుక్కరు, ఎవరో పాట్‌లక్‌కి తెచ్చి మర్చిపోయిన అల్యూమినియం ట్రే... ఇవీ అందులో ఉండేవి. చలికాలంలో అయితే ఇడ్లీ పిండి గిన్నె కూడా ఉంటుంది. లోపలి లైటు వేసి ఉంచితే ఆ కాస్త వెచ్చదనానికి పిండి పులుస్తుందని. అంటే ఇంటితోపాటు వచ్చిన ఓవెన్ మనకి మామూలు రోజుల్లో గిన్నెల బీరువా, మంచు పడే రోజుల్లో పిండికి కంబళి. వంటంతా పైనున్న నాలుగు బర్నర్ల మీదే.

నేను చెప్పొచ్చేదేమిటంటే, ఆదివారం పొద్దున్న ఆ గిన్నెలన్నీ తీసి బయటపెట్టి, ఓవెన్ ఆన్ చేసి, పాపోవర్లు చెయ్యండి. పూరీల బదులు. అవును, పూరీల బదులే. ప్రతి ఆదివారమూ కాదు లెండి, నెలకి రెండుసార్లు చాలు. రుచిలో పూరీని మించిందని చెప్పి మీచేత తిట్లు తినే ఉద్దేశం నాకు లేదు. నా కారణం వేరే ఉంది. దానికి ముందు, పాపోవర్ అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు.

గుడ్లు, పాలు, మైదా, ఉప్పు, కాస్త కరిగించిన వెన్న. అంతే సరుకులు. ఈస్టు లేదు, బేకింగ్ పౌడరు లేదు, సోడా లేదు. అట్లపిండి కంటే పల్చగా కలిపి, నెయ్యి రాసిన కప్పుల్లో సగం దాకా పోసి, బాగా కాలిన ఓవెన్‌లో పెడితే అరగంటలో కప్పు అంచు దాటి పైకి పొంగుతుంది. ఆ పొంగడం కూడా తీరుగా ఉండదు, తలపాగా ఒక పక్కకి జారినట్టు ఒరుగుతుంది. పైన కరకర. విరిస్తే లోపల ఏమీ ఉండదు, ఖాళీ. గోడలకి మాత్రం మెత్తగా, కాస్త తడిగా ఒక పొర అంటుకుని ఉంటుంది. కప్పు అంచు దాటి పొంగుతుంది కాబట్టి ఇంగ్లీషులో ఆ పేరు. తెలుగులో ఏమందామా అని చాలా ఆలోచించాను. 'పొంగనం' అందామంటే ఆ పేరు ఇప్పటికే గుంటపొంగనాలు రాయించేసుకున్నాయి, పైగా అవి లోపల బోలుగా ఉండవు. 'బోలుబూరె' అంటే మా ఆవిడ పది నిమిషాలు నవ్వింది. అందుకని పాపోవర్ అనే అందాం, బస్సుని బస్సు అన్నట్టే.

దీని పెద్దమ్మ ఇంగ్లాండులో ఉంది. యార్క్‌షైర్ పుడ్డింగ్ అంటారు. హానా గ్లాస్ 1747లో అచ్చువేసిన వంట పుస్తకంలో ఆ పేరుతోనే ఉంది. నిప్పు ముందు మాంసం కాలుతుంటే కిందకి కారే కొవ్వుని పారెయ్యడం దేనికని, కింద పెట్టిన పళ్ళెంలో పల్చటి పిండి పోసి పొంగించేవాళ్ళు. దాన్ని ముందు వడ్డించి సగం ఆకలి తీర్చేస్తే, తర్వాత మాంసం తక్కువైనా ఎవరూ అడగరని ఉపాయం. (మన ఇళ్ళలో పప్పు ముందు వడ్డించడం వెనక కూడా ఇలాంటిదేమైనా ఉందేమో!) అట్లాంటిక్ దాటేసరికి పెద్ద పళ్ళెం పోయి చిన్న చిన్న కప్పులొచ్చాయి, మాంసం కొవ్వు పోయి వెన్న వచ్చింది. 1870ల నాటి అమెరికా వంట పుస్తకాల్లో పాపోవర్ కనిపిస్తుంది. మెయిన్ రాష్ట్రంలో అకాడియా నేషనల్ పార్కు చూసొచ్చినవాళ్ళకి జోర్డాన్ పాండ్ హౌస్ తెలిసే ఉంటుంది. చెరువుకి ఎదురుగా పచ్చికలో బల్లలు వేసి టీ, వేడి పాపోవర్లు, వెన్న, స్ట్రాబెర్రీ జామ్ ఇస్తారు. 1890ల నుంచీ అక్కడ అదే ఆనవాయితీ. పాత భవనం 1979లో కాలిపోతే మళ్ళీ కట్టుకున్నారు గానీ పాపోవర్లని మాత్రం మార్చలేదు.

సోడా కూడా లేకుండా అంత ఎత్తు ఎలా పొంగుతుందని అనుమానం రావచ్చు. పూరీ ఎలా పొంగుతుందో ఇదీ అలాగే, ఆవిరితో. ఐదు మిల్లీలీటర్ల చెంచాడు నీళ్ళు పూర్తిగా ఆవిరైతే ఎనిమిది లీటర్ల పైచిలుకు చోటు కావాలి. చెంచాడు నీళ్ళు బకెట్లో సగం నింపుతాయన్నమాట. పూరీని కాగే నూనెలో వెయ్యగానే పైపొర, కిందపొర గట్టిపడతాయి, మధ్యలో ఉన్న తడి ఆవిరై రెంటినీ విడదీస్తుంది. పాపోవర్‌లోనూ కప్పుకి తగిలిన పిండి, పైన వేడిగాలి తగిలిన పిండి ముందు గట్టిపడతాయి, నడుమ ఇంకా ద్రవంగానే ఉంటుంది. అక్కడ పుట్టిన ఆవిరి బయటికి దారిలేక, ఆ ద్రవాన్ని గోడల మీదకి తోసుకుంటూ పైకి లేస్తుంది. మైదాలోని జిగురు సాగుతుంది, గుడ్డు గట్టిపడి ఆ సాగినదాన్ని సాగినట్టే నిలబెడుతుంది. తేడా ఎక్కడంటే, పూరీ పిండిలో నీళ్ళు పిండి బరువులో సగం దగ్గర ఉంటాయి. పాపోవర్‌లో పాలల్లోనూ గుడ్లలోనూ ఉన్న నీళ్ళు లెక్కేస్తే పిండి బరువుకి రెండింతల పైనే. అంటే ఇంధనం నాలుగైదు రెట్లు. పూరీ గిన్నె మూతంత పొంగితే ఇది గోపురంలా పొంగడానికి కారణం అదీ.

సరే, ఇప్పుడు నా వాదన.

పూరీకి ఒక గుణం ఉంది. అది ఎవరికోసమూ ఆగదు. మూకుట్లోంచి తీసిన రెండు నిమిషాలకి చప్పబడుతుంది. అందుకని నలుగురున్న ఇంట్లో పూరీలు చేసే పద్ధతి ఎప్పుడూ ఒకటే. ముగ్గురు బల్ల దగ్గర, ఒకరు పొయ్యి దగ్గర. మనిషికి ఐదు చొప్పున ఇరవై పూరీలు, ఒక్కోటి ఒత్తి, వేసి, తిప్పి, తీసేసరికి నిమిషం పైన. వెరసి పాతిక నిమిషాలు. ఆ పాతిక నిమిషాల్లోనే పిల్లలు స్కూలు కబుర్లు చెప్తారు, ఎవరో ఒక జోకు వేస్తారు, నాన్న మాట తూలితే కాస్త గొడవ కూడా అవుతుంది. పొయ్యి దగ్గరున్న మనిషికి ఇవన్నీ ఎగ్జాస్ట్ ఫ్యాన్ మోతలోంచి సగం సగం వినిపిస్తాయి. "ఏంటీ? ఏమన్నావ్?" అని అడిగేలోపు మాట ఇంకెక్కడికో వెళ్ళిపోతుంది. చివరికి ఆవిడ తన రెండు పూరీలతో బల్ల దగ్గరికి వచ్చేసరికి అందరూ చేతులు కడుక్కుని టీవీ ముందుంటారు. (ఆవిడ అని ఎందుకన్నానో మీకు తెలుసు.) దోసె అంతే, పెసరట్టు అంతే, పుల్కా మరీనూ. మన వంటల్లో వేడి వేడిగా తినాల్సిన టిఫిన్లు దాదాపు అన్నీ ఇంట్లో ఒకరిని పొయ్యికి కట్టేసి వండేవే.

"ఇడ్లీ ఉంది కదా" అని మీరు అంటారని నాకు తెలుసు. ఒప్పుకుంటున్నాను. ఇడ్లీ ధర్మాత్మురాలు. పదహారు ఒకేసారి దిగుతాయి, వండినవాళ్ళూ కూర్చుంటారు. ఇడ్లీ వేసే ఆదివారం నా వాదన వర్తించదు. ఉప్మా రోజున కూడా వర్తించదు గానీ, ఉప్మా పేరు చెప్తే మా ఇంట్లో పిల్లలు లేచిపోతారు.

ఇంకో అభ్యంతరం మొన్న మా స్నేహితుడి భార్య పెట్టింది. "ఓవెన్ దాకా ఎందుకండీ, మీ మగవాళ్ళు నిలబడి వేయిస్తే సరిపోదా" అని. న్యాయమైన ప్రశ్న. నిలబడాలి, సందేహం లేదు. మా ఇంట్లో పూరీల రోజున ఒత్తడం ఒకరు, వేయించడం ఒకరు. కానీ మనిషి మారాడంతే, బల్ల దగ్గర కుర్చీ ఖాళీగానే ఉంటుంది. ఇప్పుడైతే ఇద్దరం వంటింట్లో, పిల్లలిద్దరే బల్ల దగ్గర. వంతులు వేసుకుంటే న్యాయం జరుగుతుంది గానీ కలిసి తినడం జరగదు. రెండూ వేర్వేరు సంగతులు. నాకు రెండూ కావాలి.

పాపోవర్ లెక్క చూడండి. పిండి కలపడానికి పది నిమిషాలు. ఓవెన్‌లో ముప్పయ్ఐదు, నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాల్లో దాని దగ్గర మనిషి అక్కర్లేదు. అక్కర్లేదేమిటి, మనిషి పనికిరాడు! తలుపు తీశారంటే పొంగేది కాస్తా ఆగిపోతుంది. ప్రాజెక్టులో ప్రతి పది నిమిషాలకీ స్టేటస్ అడిగే మేనేజరుంటే పని ఎలా కుంటుపడుతుందో సాఫ్ట్‌వేర్ వాళ్ళకి చెప్పక్కర్లేదు. :) అద్దంలోంచి మాత్రం చూడొచ్చు. మా పిల్లలిద్దరూ ఓవెన్ ముందు నేలమీద చతికిలబడి చూస్తుంటారు. మొదటి పది నిమిషాలు ఏమీ జరగదు, "నాన్నా, ఇవాళ పాడైపోయాయి" అంటుంది పెద్దది. పదిహేనో నిమిషానికి ఒకటి భుజం ఎగరేస్తుంది. ఇంక అక్కణ్ణించి చిన్నాడు కామెంటరీ. దిగినప్పుడు పన్నెండూ ఒకేసారి దిగుతాయి, నలుగురం ఒకేసారి కూర్చుంటాం. ఇవి కూడా పూరీల్లాగే ఎవరికోసమూ ఆగవు. కాకపోతే ఇక్కడ ఆ తొందర అందరినీ బల్ల దగ్గరికి లాక్కొస్తుంది, ఒకరిని పొయ్యి దగ్గర ఉంచెయ్యదు.

ఇప్పుడు చిక్కు ప్రశ్న. గుడ్డు.

ఎవరికి చెప్పినా ముందు అడిగేది "ఎగ్‌లెస్ చెయ్యొచ్చా" అని. చెయ్యలేరు. కేకులో గుడ్డు బదులు పెరుగు, అరటిపండు వేసి నెగ్గుకు రావచ్చు. ఇక్కడ గుడ్డే స్తంభం, గుడ్డే గోడ. అది తీసేస్తే ఆవిరిని పట్టి ఉంచేది ఏదీ లేదు. కప్పులో అడుగంటిన మైదా జావ మిగులుతుంది. ఇంటర్నెట్‌లో ఎగ్‌లెస్ పాపోవర్లని పేరుపెట్టి బేకింగ్ పౌడరు వేసినవి కనిపిస్తాయి. అవి మఫిన్లు. మంచి మఫిన్లే కావచ్చు, కానీ విరిస్తే లోపల నిండుగా ఉంటాయి.

మా అమ్మ గుడ్డు తినదు. పోయిన చలికాలం అమ్మానాన్నా ఆరునెలలకి వచ్చారు. ఇన్నేళ్ళూ అందరికీ వేయించి ఆఖర్న తిన్న మనిషి ఆవిడే, ఈ పాపోవర్ల వల్ల అందరికంటే ముందు లాభపడాల్సిందీ ఆవిడే, తీరా చూస్తే ఆవిడే తినలేదు. ఇదేం న్యాయం అని మీరడగొచ్చు. నేను చేసిందేమిటంటే, ఓవెన్ తలుపు వేశాక నాకు ఎలాగూ నలభై నిమిషాలు ఖాళీ. ఆ ఖాళీలో చిన్న మూకుడు పెట్టి అమ్మకి నాలుగు పూరీలు. నాలుగే కాబట్టి ఐదు నిమిషాల పని. అవి దించడం, పాపోవర్లు దించడం ఒకేసారి. బంగాళాదుంప కూర అందరికీ ఉమ్మడి. ఆరుగురం కూర్చున్నాం. అమ్మ కాసేపు అటూ ఇటూ చూసింది, ఎవరికి ఏం తక్కువైందో అని. రెండుసార్లు లేవబోయింది. "కూర్చుంటే ఏదో సెలవు పెట్టినట్టుందిరా" అంది. నాన్న పాపోవర్ విరిచి చూసి, "గాలి తిన్నట్టుంది" అని, ఆ మాట అంటూనే నాలుగు తిన్నారు. అమ్మ తీర్పు మాత్రం వేరు. "మీ వాళ్ళ దానికంటే పూరీయే నయం, గుడ్డు లేకుండానే పొంగుతుంది." దీనికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

ఇక చేసే పద్ధతి. మఫిన్ ట్రేలో పన్నెండు కావాలంటే మూడు గుడ్లు, 360 మిల్లీలీటర్ల పాలు, 180 గ్రాముల మైదా, ముప్పావు చెంచా ఉప్పు, ఒకటిన్నర పెద్ద చెంచాల కరిగించిన వెన్న. కప్పుల్లో చెప్పాలంటే ఒకటిన్నర కప్పు పాలు, ఒకటిన్నర కప్పు మైదా. ఇక్కడి లార్జ్ గుడ్ల లెక్క ఇది, చిన్న గుడ్లయితే నాలుగు. గుడ్లు ఫ్రిజ్‌లోంచి తీసి పది నిమిషాలు గోరువెచ్చటి నీళ్ళల్లో ఉంచండి, పాలు కూడా గోరువెచ్చగా ఉండాలి. పిండి చల్లగా ఉంటే ఓవెన్‌లో మొదటి పది నిమిషాలు వేడెక్కడానికే పోతాయి. ముందు గుడ్లు, పాలు, ఉప్పు గిలక్కొట్టి, మైదా కలిపి, చివర్న వెన్న. చిన్న చిన్న ఉండలుంటే వదిలెయ్యండి. ఓవెన్ 450 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి, అంటే దాదాపు 230 సెల్సియస్‌కి, నిజంగా చేరాక ట్రే పెట్టండి. ఇరవై నిమిషాల తర్వాత తలుపు తియ్యకుండా 350కి, అంటే 175 సెల్సియస్‌కి తగ్గించి, ఇంకో పదిహేను నిమిషాలు.

ఈ పాపోవర్ చుట్టూ నియమాలు పెళ్ళి ముహూర్తాల కంటే ఎక్కువున్నాయి. ప్రత్యేకమైన పాపోవర్ ట్రే కొనాలంటారు. లోతుగా, సన్నగా ఉంటాయి ఆ కప్పులు, ఎత్తు బాగా వస్తుంది, నిజమే. కానీ ఎత్తు కోసం అంత డబ్బు, దాన్ని మళ్ళీ ఆ ఓవెన్‌లోనే దాచుకోవడం! అక్కర్లేదు. ట్రేని ముందే కాల్చాలని ఒక వర్గం, వద్దని ఒక వర్గం. అసలు చల్లటి ఓవెన్‌లోనే పెట్టి మొదలుపెట్టేవాళ్ళూ ఉన్నారు. అన్నిట్లోనూ పొంగుతాయి. నేను చూసినంతలో తప్పకూడనివి రెండే. మొదటి ఇరవై ఐదు నిమిషాలు తలుపు తియ్యకూడదు. రంగు చూసి మోసపోయి ముందే దించకూడదు. బంగారు రంగు చాలదు, బాగా ఎర్రగా వేగాలి, కాఫీ డికాక్షన్ చుక్క పడ్డ రంగు రావాలి. లోపలి గోడ ఇంకా తడిగా ఉండగా దించితే, చల్లారగానే లోపలి ఆవిరి మళ్ళీ నీళ్ళయిపోయి, గోడ తన బరువు తానే మొయ్యలేక కూలుతుంది. దించగానే ఒక్కోదానికి చాకు మొనతో చిన్న గాటు పెడితే మిగిలిన ఆవిరి బయటికి పోతుంది, కరకర నిలబడుతుంది.

కప్పులకి రాయడానికి మాత్రం మన నెయ్యిని మించింది లేదు. ఆ వేడికి వెన్న మాడుతుంది, దానిలో పాలపొడి పదార్థం ఉంటుంది కాబట్టి. నెయ్యిలో అది ముందే తీసేశాం.

మనవాళ్ళకి ఇంకో గుణం ఉంది, దేంట్లోనైనా పచ్చిమిర్చి, ఉల్లిపాయ, కొత్తిమీర తరిగి పడెయ్యడం. పాపోవర్ పిండిలో వద్దు. ముక్కల బరువుకి, వాటి తడికి గోడ చిల్లుపడుతుంది. మిరియాల పొడి, వేయించిన జీలకర్ర పొడి వేసుకోండి, పర్వాలేదు. "చిటికెడు సోడా వేస్తే ఇంకా పొంగుతుందిగా" అనేవాళ్ళు ప్రతి కుటుంబంలోనూ ఒకరుంటారు. ఇంకా పొంగదు, వేయి చిన్న బుడగలై స్పాంజిలా అవుతుంది, మనకి కావల్సింది ఒక్క పెద్ద బుడగ. మీ కారాలన్నీ లోపల ఖాళీలో పెట్టుకోండి, అంత చోటు ఉన్నది అందుకే. నా లెక్కలో మొదటి స్థానం వెన్న, ఆవకాయ పిండి. వేడి పాపోవర్ విరిచి, వెన్న రాసి, మీద ఆవకాయ గుజ్జు ఒక్క అరచెంచా. జామ్ రెండో స్థానమే, మెయిన్ రాష్ట్రం వాళ్ళు క్షమించాలి. అల్లం పచ్చడి, దుంప కూర, కోడిగుడ్డు పొరటు ఆ తర్వాత.

ఇండియాలో ఉన్నవాళ్ళకి ఒక మాట. మామూలు మైక్రోవేవ్‌లో ఇవి రావు, ప్రయత్నం కూడా చెయ్యకండి. ఓటీజీలో, కన్వెక్షన్ ఉన్నదాంట్లో వస్తాయి, 230 దాకా వెళ్తే చాలు. చిన్న ఓటీజీలో పై రాడ్డు మరీ దగ్గరగా ఉంటుంది, పొంగిన తల దానికి తగిలి మాడుతుంది కాబట్టి ట్రేని అట్టడుగు అరలో పెట్టి, కప్పుల్లో పిండి కాస్త తగ్గించి పొయ్యండి. గోధుమపిండితో చేద్దామనుకునే ఆరోగ్యవంతులు మూడో వంతు మించి కలపకండి. పొట్టు ముక్కలు సాగే పొరని కోసేస్తాయి.

మిగిలితే (మా ఇంట్లో నాన్న ఉన్నన్నాళ్ళూ మిగల్లేదు) మర్నాడు 350లో ఐదు నిమిషాలు పెడితే మళ్ళీ కరకరలాడతాయి. మైక్రోవేవ్‌లో పెడితే మాత్రం చెప్పు తోలు.